హోమ్‌బ్రూ పాఠాలు – 4: కార్డు తీయకుండానే కన్సోల్‌కు ఫైళ్లు పంపడం

గత పాఠంలో నింటెండో 3డీఎస్ అనే చేతి గేమ్ కన్సోల్ మెమరీ కార్డును బయటికి తీసి, కంప్యూటర్‌లో పెట్టి, హోమ్‌బ్రూ ప్రోగ్రామును, అంటే తయారీదారు కాక వాడుకరులే సొంతంగా రాసుకునే ప్రోగ్రామును, అందులోకి ఎక్కించాం. ఎప్పుడో ఒకసారి చేసే పనికి ఆ పద్ధతి చాలు. సొంతంగా ప్రోగ్రామ్ రాస్తూ, ఒక చిన్న మార్పు చేసిన ప్రతిసారీ కన్సోల్‌లో నడిపి చూడాలనుకునేవారికి మాత్రం అది నరకయాతనే. పాత నింటెండో 3డీఎస్‌లో కార్డు పక్కనే ఉన్న సందులోంచి వచ్చేస్తుంది కానీ, న్యూ 3డీఎస్‌లో వెనుక మూతకున్న మరలు విప్పితే గాని మైక్రో ఎస్‌డీ కార్డు చేతికి అందదు. మాటిమాటికీ విప్పితే మర తల అరిగిపోతుంది. అందుకే ఈ పాఠాన్ని ఎవరూ దాటవేయవద్దని నా మనవి.

ఈ పనికి మనం ఎఫ్‌టీపీ (ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) అనే, నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంపే పద్ధతిని వాడతాం. అభయ్ భూషణ్ దీని తొలి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో రాశారు; నేటికీ ఆధారంగా నిలిచిన నిర్దేశం 1985 నాటిది. ఇంత పాత పద్ధతి అరచేతిలో ఇమిడే యంత్రంలో ఇంకా చక్కగా పనిచేయడం నాకు ఎప్పుడూ ఆనందం కలిగించే విషయం. ఇందులో కన్సోల్ సర్వర్‌గా తలుపు తెరిచి కూర్చుంటుంది, కంప్యూటర్ వెళ్లి ఆ తలుపు తడుతుంది.

ముందుగా రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. మొదటిసారి ప్రయత్నించేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 3డీఎస్ వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ దానికి కనిపించనే కనిపించదు. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 భద్రతను మాత్రమే ఉంచితే కన్సోల్ చేరలేదు కనుక డబ్ల్యూపీఏ2ను కూడా అనుమతించాలి. కంప్యూటర్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నా, రెండూ ఒకే రూటర్ కింద ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అతిథి నెట్‌వర్క్‌లో మాత్రం పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా రూటరే అడ్డుకోవచ్చు కాబట్టి దాన్ని వాడకండి.

ఇప్పుడు కన్సోల్‌లో హోమ్‌బ్రూ ప్రోగ్రాములను తెరిచే హోమ్‌బ్రూ లాంచర్‌లోకి వెళ్లి, గత పాఠంలో కార్డులో పెట్టుకున్న ఎఫ్‌టీపీడీ ప్రోగ్రామును నడపండి; కన్సోల్‌ను ఎఫ్‌టీపీ సర్వర్‌గా మార్చేది ఇదే. తెర మీద 192.168.1.7 వంటి ఐపీ చిరునామా, దాని పక్కన 5000 అనే పోర్టు సంఖ్య కనిపిస్తాయి. కంప్యూటర్‌లో ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రామును తెరిచి ఆ రెంటినీ ఉన్నవి ఉన్నట్టుగా నింపండి. పోర్టు గడిని ఖాళీగా వదిలేస్తే ఫైల్‌జిల్లా 21వ పోర్టుకు వెళ్తుంది, అక్కడ పలికేవారు ఎవరూ ఉండరు. కలిసే ముందే ఫైల్‌జిల్లాలోని సైట్ మేనేజర్‌లో రెండు మార్పులు చేయండి: ఏకకాల కనెక్షన్లను ఒకటికి పరిమితం చేయండి, బదిలీ విధానాన్ని పాసివ్‌గా ఉంచండి. యాక్టివ్ విధానంలో కన్సోలే తిరిగి కంప్యూటర్ వైపు కనెక్షన్ తెరవాలి, దాన్ని ఫైర్‌వాల్ తరచుగా ఆపేస్తుంది. పాసివ్‌లో ఆదేశాల కనెక్షన్, ఫైలు వెళ్లే కనెక్షన్ రెండూ కంప్యూటర్ నుంచే బయలుదేరతాయి కనుక ఆ చిక్కు రాదు.

కలిసిన తర్వాత కుడివైపు కార్డులోని ఫోల్డర్లు కనిపిస్తాయి. అందులో 3డీఎస్ అనే ఫోల్డర్ తెరిచి, మీ ప్రోగ్రామ్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, 3డీఎస్ఎక్స్ ఫైలును (హోమ్‌బ్రూ ప్రోగ్రామ్ ఉండే ఫైలు) అందులోకి లాగండి. పంపుతున్నంతసేపూ కన్సోల్ మూత మూయకండి. మూస్తే అది నిద్రలోకి జారుకుని, బదిలీ మధ్యలో తెగిపోవచ్చు.

నాకు ఒకసారి అలాగే తెగిపోయింది. కార్డులో పేరు సరిగ్గానే ఉండడంతో ఫైలు చేరిందనుకున్నాను. నడపబోతే కన్సోల్ బిగుసుకుపోయింది. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని ఒక సాయంత్రమంతా వెతికాక, చివరికి రెండువైపులా ఫైలు పరిమాణం పోల్చి చూస్తే కార్డులో ఉన్నది సగమేనని తేలింది. అప్పటినుంచి పంపిన ప్రతి ఫైలు బైట్ల సంఖ్యనూ పోల్చి చూడనిదే నేను ఎఫ్‌టీపీడీని మూయను. మీరూ ఈ అలవాటు మొదటి రోజునుంచే చేసుకోండి. తేడా ఉంటే ఆ ఫైలును తొలగించి మళ్లీ పంపాలి.

ఎఫ్‌టీపీలో రహస్యలిపి ఉండదు, పంపినదంతా నెట్‌వర్క్‌లో తెరచిన ఉత్తరంలా వెళ్తుంది. కాబట్టి బహిరంగ వైఫైలో ఈ పని పెట్టుకోకండి, పని కాగానే ఎఫ్‌టీపీడీ నుంచి బయటికి రండి. వందల మెగాబైట్ల ఫైలుకైతే ఓపిక పట్టడం కన్నా కార్డు రీడరే నయం.

సాధనగా, ఏదైనా చిన్న 3డీఎస్ఎక్స్ ఫైలును పంపి, బైట్లు సరిచూసి, లాంచర్ నుంచి నడపండి. వచ్చే పాఠంలో లాంచర్‌లో వై బటన్ నొక్కి కన్సోల్‌ను ఎదురుచూసేలా ఉంచి, 3డీఎస్‌లింక్ అనే పనిముట్టుతో ప్రోగ్రామును పంపుదాం. అది చేరిన వెంటనే తానే తెరుచుకుంటుంది.