మీ వీధిలో బార్ వస్తోందా? అభ్యంతరం ఇలా పెట్టండి

వీధి చివరి బిల్డింగ్‌లో కింది అంతస్తు పని మొదలవుతుంది, అద్దాలకు నల్ల కాగితాలు అంటిస్తారు, ఎవరో వచ్చి "ఇక్కడ బార్ పెడుతున్నారంట" అంటారు. సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గ్రూపు అంతా అదే గోల. అందరికీ టెన్షనే, అందరికీ కోపమే, కానీ కాగితం మీద పెట్టేవాళ్లు ఉండరు. మన విశాఖలో ఎంవీపీ కాలనీ అయినా, మురళీనగర్ అయినా, మధురవాడ, గాజువాక అయినా ఇదే వరస. చివరికి బోర్డు వెలిగిన రోజున ధర్నాకు కూర్చుంటారు, అప్పటికే లైసెన్స్ వచ్చేసి ఉంటుంది, అన్ని లక్షలు పోసిన మనిషి ఇక కదలడు. అందుకే ఈ పని ముందే ఎలా చేయాలో చెబుతున్నా.

అన్నిటికంటే ముందు ఒక విషయం స్పష్టంగా పెట్టుకోండి: మీ అభ్యంతరం మందు మీద కాదు, చోటు మీద. రాష్ట్రంలో బార్లు ఉండాలా వద్దా అన్నది ప్రభుత్వ పాలసీ, దాన్ని ఎక్సైజ్ ఆఫీసులో ఎవరూ మార్చలేరు. ఇప్పుడున్న బార్ పాలసీ 2025 సెప్టెంబర్ 1 నుంచి 2028 ఆగస్టు 31 వరకు. మొత్తం 840 బార్లకు నోటిఫికేషన్ ఇచ్చి, వేలం తీసేసి లాటరీ పెట్టారు. ఐదు లక్షలు దాటిన జనాభా ఉన్న ఊళ్లలో మొదటి ఏడాది లైసెన్స్ ఫీజు 75 లక్షలు, విశాఖ అందులోకే వస్తుంది. అయితే లాటరీలో పేరొచ్చిన మనిషికి నగరంలో ఎక్కడో ఒకచోట బార్ పెట్టుకునే అవకాశం వచ్చినట్టే గానీ, మీ ఇంటి పక్కనే పెట్టుకునే హక్కు వచ్చినట్టు కాదు. చోటు ఆయన చూపించాలి, ఎక్సైజ్ వాళ్లు వచ్చి చూసి, దూరం కొలిచి, రూల్ ప్రకారం ఉందో లేదో రాయాలి. మీరు పట్టుకోవాల్సింది సరిగ్గా ఆ దశనే. "బార్ రద్దు చేయండి" అని అడిగితే అంత ఆదాయం పోతుంది కాబట్టి ఏ అధికారీ తేలిగ్గా ఒప్పుకోరు. "ఈ చోటు రూల్‌కు విరుద్ధం, వేరే చోటు చూపించమనండి" అంటే ఒప్పుకోవడానికి వాళ్లకూ దారి ఉంటుంది. పాత బార్ ఒకచోట నుంచి మీ వీధికి మారుతున్నా (దీన్నే షిఫ్టింగ్ అంటారు) ఇదే మాట వర్తిస్తుంది, దానికీ కొత్త చోటుకు అనుమతి కావాలి.

ఇంటింటికీ నోటీసు వస్తుందని మాత్రం ఎదురుచూడకండి. మనమే వెళ్లి అడగాలి. మీ ప్రాంతం ఏ ఎక్సైజ్ స్టేషన్ కిందకు వస్తుందో కనుక్కుని, సీఐ గారిని కలిసి మూడు సంగతులు తెలుసుకోండి: వస్తున్నది బారా, వైన్ షాపా, షాపుకు తగిలించే పర్మిట్ రూమా (కొన్న మందు అక్కడే తాగే గది), దరఖాస్తు ఏ డోర్ నంబరు మీద ఉంది, చోటు తనిఖీ అయిందా లేదా. వైన్ షాపుకూ బార్‌కూ రూల్స్ వేరు, పని గంటలు కూడా వేరు (షాపు ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకు, బార్ ఉదయం 10 నుంచి అర్ధరాత్రి 12 వరకు), కాబట్టి ఏది వస్తుందో తెలియకుండా రాసిన అర్జీ మొదటి లైన్‌లోనే బలం పోగొట్టుకుంటుంది. నోటి మాటగా సరిగా చెప్పకపోతే అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు. అందులో "ఎందుకు ఇస్తున్నారు" లాంటి ప్రశ్నలు వేయకండి, వాటికి జవాబు రాదు. దరఖాస్తు కాపీ, చోటు తనిఖీ రిపోర్టు, దూరం కొలిచిన స్కెచ్, బిల్డింగ్ ప్లాన్ కాపీ, ఇలా కాగితాల పేర్లు చెప్పి అడగండి. 30 రోజులు ఆగి ఆ తర్వాత అభ్యంతరం రాద్దాం అనుకోవద్దు, రెండూ ఒకేసారి నడవాలి.

ఇక అసలు బలం ఎక్కడుందంటే 100 మీటర్ల రూల్‌లో. గుర్తింపు ఉన్న విద్యాసంస్థకు, ప్రార్థనా స్థలానికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు బార్ పెట్టకూడదు. వినడానికి సులువుగానే ఉంది గానీ అర్జీలు ఓడిపోయేది కూడా ఇక్కడే, ఎందుకంటే ప్రతి మాటకూ రూల్స్‌లో నిర్వచనం ఉంది. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి, మసీదు అంటే వక్ఫ్ బోర్డులో నమోదైనది. వేపచెట్టు కింద మనం రోజూ దణ్ణం పెట్టుకునే అమ్మవారి గద్దె ఎంత పాతదైనా రికార్డులో లేకపోతే అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోరు. ప్రైవేటు ఆసుపత్రి అయితే కనీసం 30 పడకలు ఉండాలి, చిన్న నర్సింగ్ హోమ్‌లు చాలా వరకు ఇందులోకి రావు. మేడ మీద నడిచే ట్యూషన్ సెంటర్ కూడా రాదు. కాబట్టి చుట్టుపక్కల ఏమున్నాయో రాసుకుని, ఒక్కోదానికీ రుజువు కాగితం సంపాదించండి: స్కూలు గుర్తింపు ఉత్తర్వు కాపీ, గుడి నమోదు వివరం, ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌లో పడకల సంఖ్య. హెడ్మాస్టర్ గారినో ఆలయ ఈవో గారినో ఒప్పించి వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాయించుకోగలిగితే అది మనందరి సంతకాలకంటే బరువు. పాలసీ మారినప్పుడల్లా కొత్త జీవో వస్తుంది కాబట్టి, ఇప్పుడు అమల్లో ఉన్న జీవో ప్రింట్ తీసుకుని ఆ రూల్ నంబరునే అర్జీలో రాయండి.

కొలిచే పద్ధతి ఇంకా ముఖ్యం. ఫోన్‌లో మ్యాప్ తెరిచి గీత గీస్తే వచ్చే దూరం పనికిరాదు. బార్ ప్రవేశ ద్వారం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారిలో, ఆ సంస్థ ప్రహరీకి ఉన్న దగ్గరి గేటు మధ్య వరకు కొలుస్తారు, ప్రహరీ లేకపోతే దగ్గరి గుమ్మం వరకు. ఇందులో చూడాల్సినవి రెండు. స్కూలుకు రెండు గేట్లు ఉంటే మెయిన్ గేటు కాదు, దగ్గరి గేటు లెక్క. పిల్లలు రోజూ వాడే పక్క గేటును తనిఖీలో వదిలేస్తే మీరు ఫోటోతో సహా చూపించాలి. రెండోది, దూరం చాలడం లేదని తెలిసినప్పుడు బార్ వాళ్లు గుమ్మాన్ని అటువైపుకు మారుస్తారు. ముందు వీధి వైపు ఉన్న షట్టర్ మూసేసి, పక్క సందులోంచి దారి పెట్టి 100 దాటించేస్తారు. అందుకే ఇప్పుడే, పని జరుగుతున్నప్పుడే, తేదీ కనపడేలా అన్ని వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. టేపు పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి కొలవండి, వీడియో తీయండి, రోడ్డు మధ్య డివైడర్ ఉంటే మనుషులు నిజంగా ఎక్కడ దాటుతారో అక్కడి నుంచే కొలవండి. ఎక్కువ చేసి చెప్పొద్దు. 104 వస్తే 104 అనే రాసి వేరే కారణాల మీద నిలబడండి, ఒక్క అంకె తప్పని తేలితే మిగతా అర్జీని కూడా ఎవరూ నమ్మరు.

చాలామంది హైవే పాయింట్ రాస్తారు, "హైవేకు 500 మీటర్ల లోపు మందు అమ్మకూడదని సుప్రీంకోర్టు అంది కదా" అని. 2016 డిసెంబర్‌లో ఆ తీర్పు వచ్చిన మాట నిజమే, కానీ 2017 జులైలో అదే కోర్టు మున్సిపల్ హద్దుల్లో ఉన్న బార్లకు అది అడ్డు కాదని వివరణ ఇచ్చింది. మన 16వ నంబరు జాతీయ రహదారి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) హద్దుల్లోంచే పోతుంది, కాబట్టి నగరంలో ఆ వాదన ఇప్పుడు నిలబడటం కష్టం. అలాగే మద్యనిషేధం గురించి చెప్పే రాజ్యాంగంలోని 47వ అధికరణం మీద పేజీలకు పేజీలు రాయకండి, అది ప్రభుత్వానికి ఆదేశిక సూత్రం, దాని ఒక్కదాని మీద ఒక చోటును ఆపలేరు. అవతలివాళ్లు "వ్యాపారం మా ప్రాథమిక హక్కు" అంటే మాత్రం గుర్తు చేయండి: మద్యం వ్యాపారానికి ప్రాథమిక హక్కు లేదని 1994లోనే ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దూరం కుదరకపోతే బిల్డింగ్ వైపు తిరగండి. నా ఉద్దేశంలో విశాఖలో ఎక్కువ కేసులు ఇక్కడే దొరుకుతాయి, ఎవరూ చూడరంతే. ప్లాన్ ఇళ్లకని తీసుకుని కింది అంతస్తును వ్యాపారానికి మార్చేశారా, స్టిల్ట్ పార్కింగ్‌కు (స్తంభాల మధ్య బండ్లు పెట్టుకునే జాగాకు) గోడ కట్టి హాలు చేశారా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం వాడుకోవచ్చని ఇచ్చే కాగితం) ఉందా, బయటకు రెండో దారి ఉందా, ఫైర్ అనుమతి ఉందా, బండ్లు ఎక్కడ పెడతారు. బార్ అంటే లైసెన్స్ పరంగా రెస్టారెంట్‌తో కలిసి ఉండేది, కాబట్టి జీవీఎంసీ ట్రేడ్ లైసెన్స్, ఫుడ్ లైసెన్స్ కూడా కావాలి. ఇవన్నీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడిగి, జోనల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్‌లో విడిగా ఫిర్యాదు పెట్టండి, ఆ కాపీని ఎక్సైజ్ అర్జీకి జత చేయండి. అపార్ట్‌మెంట్ కిందే వస్తోందంటే అసోసియేషన్ జనరల్ బాడీ పెట్టి తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయాలి, నోటి తీర్మానాలు ఎక్కడా చెల్లవు.

అర్జీ రెండు పేజీలు దాటకూడదు. జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ అధికారి పేరు మీద రాయండి. కాపీలు డిప్యూటీ కమిషనర్‌కు, కలెక్టర్‌కు, జీవీఎంసీ కమిషనర్‌కు, లోకల్ పోలీస్ స్టేషన్‌కు. ఇలా మొదలుపెట్టొచ్చు:

"అయ్యా, ఫలానా వార్డు, ఫలానా డోర్ నంబరు భవనంలో బార్ ఏర్పాటుకు పనులు జరుగుతున్నాయి. ఈ భవనం ద్వారం నుంచి ఫలానా ఉన్నత పాఠశాల తూర్పు గేటు వరకు నడక దారిలో మేము కొలిచిన దూరం 74 మీటర్లు. కొలత వీడియో, ఫోటోలు, పాఠశాల గుర్తింపు ఉత్తర్వు కాపీ జతపరిచాము. ఇది అమల్లో ఉన్న రూల్స్‌కు విరుద్ధం. మా సమక్షంలో మళ్లీ కొలిపించి, ఈ చోటుకు అనుమతి నిరాకరించి, ప్రత్యామ్నాయ స్థలం చూపమని దరఖాస్తుదారును ఆదేశించమని కోరుతున్నాము. నిర్ణయం తీసుకునే ముందు మా వాదన వినమని, నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపమని మనవి."

"మా సమక్షంలో", "రాతపూర్వకంగా" అన్న రెండు మాటలు మాత్రం వదలకండి, రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే అవే పనికొస్తాయి. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, వాళ్లు స్టాంపు వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ వివరం ప్రింట్ తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వండి, అక్కడ అర్జీకి నంబరు వస్తుంది, ఆ నంబరు పట్టుకుని తర్వాత అడగొచ్చు.

సంతకాలు తీసుకునేటప్పుడు పేరు, డోర్ నంబరు, ఫోన్ ఉండాలి, ఒకే చేతిరాతతో పది సంతకాలు కనపడితే మొత్తం పోతుంది. ఒకే అర్జీని వందసార్లు జిరాక్స్ తీసి ఇవ్వడం కన్నా, నిజంగా ఆ గుమ్మం ముందు నుంచి నడిచే పదిమంది తలా అర పేజీ వాళ్ల సొంత మాటల్లో రాస్తే ఎక్కువ పని జరుగుతుంది. రాత్రి షిఫ్టు దిగి ఆ సందులోంచి వచ్చే నర్సమ్మ, ఎదురింట్లో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దాయన కూతురు, సాయంత్రం ట్యూషన్ నుంచి పిల్లల్ని తెచ్చుకునే తల్లి, వీళ్లు రాయాలి. ఆడవాళ్లను సంతకాలకే పరిమితం చేయకుండా అధికారి దగ్గర మాట్లాడనివ్వండి. 1992లో దూబగుంటలో సారాను ఆపింది వాళ్లే. వార్డు కార్పొరేటర్‌నూ ఎమ్మెల్యేనూ కలవండి, కానీ వాళ్ల చేతిలో పెట్టి ఊరుకోవద్దు.

దరఖాస్తుదారుతో ఒకసారి మర్యాదగా మాట్లాడటం మంచిది. ఫిట్టింగ్స్ మీద డబ్బు పోయక ముందే ఇక్కడ గొడవ ఉందని తెలిస్తే కొందరు తామే వేరే చోటు చూసుకుంటారు. బెదిరించకండి, సామాను పగలగొట్టకండి, రోడ్డు మీద అడ్డంగా కూర్చోకండి, కేసులు మన పిల్లల మీద పడతాయి. "కాలనీ పార్కుకు చందా ఇస్తాం" అంటే తీసుకోవద్దు, ఆ ఒక్క రశీదుతో మీ అర్జీ విలువ పోతుంది.

ఇంత చేసినా లైసెన్స్ ఇచ్చేస్తే హైకోర్టులో రిట్ వేయొచ్చు. కోర్టు టేపు పట్టుకుని వచ్చి కొలవదు, మీ అర్జీని అధికారి పరిశీలించారా, కారణాలు రాశారా అని చూస్తుంది, చాలాసార్లు "అర్జీని విని నిర్ణయం చెప్పండి" అని గడువు పెట్టి పంపుతుంది. స్టాంపు ఉన్న కాపీలు, కొలత, ఆర్టీఐ జవాబులు లేకుండా లాయర్ దగ్గరకు వెళ్తే ఆయన చేసేదీ పెద్దగా ఉండదు.

బార్ తెరిచాక కూడా చేతులెత్తేయక్కర్లేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, టైము, జరిగింది రాయండి: 12 దాటాక అమ్మకం, రోడ్డు మీద తాగడం, గేట్లకు అడ్డంగా బండ్లు, పాటల మోత. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు నిషేధం. ప్రతిసారీ 112కి ఫోన్ చేయండి, గొడవ తగ్గకపోయినా రికార్డు మిగులుతుంది. అది పోగయ్యాక రెండు దారులున్నాయి. ఒకటి, షరతులు మీరినందుకు లైసెన్స్ సస్పెండ్ లేదా రద్దు చేయమని 1968 ఎక్సైజ్ చట్టం 31వ సెక్షన్ కింద ఎక్సైజ్ అధికారికి అర్జీ. రెండోది, బహిరంగ ఇబ్బందిని తొలగించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు. లైసెన్స్ ఫీజు ఏటా కడతారు కాబట్టి, ఆ గడువు ఆగస్టు నెలాఖరు అయితే జులైలోనే నోట్‌బుక్ జిరాక్స్ జత చేసి పాత అర్జీని మళ్లీ ఇవ్వండి.