గోల్ఫ్ బ్యాగు సర్దుడు, 7వ భాగం: 4 ఐరన్ అటకెక్కించాలా, హైబ్రిడ్ కొనాలా

కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క మాట: ఐరన్ అంటే పలచటి లోహపు తలకాయ ఉన్న క్లబ్, నంబర్ తగ్గేకొద్దీ క్లబ్ పొడుగు, బంతి దూరం పోవాలి; వుడ్ అంటే గుండ్రటి పెద్ద తలకాయ ఉన్నది; హైబ్రిడ్ ఆ రెండింటికీ మధ్యరకం. పోయిన భాగంలో ఒక హోంవర్క్ ఇచ్చా కదా, 6 ఐరన్‌తో పది, 5 ఐరన్‌తో పది బంతులు కొట్టి ఒక్కోదాని క్యారీ ఎంతో స్కోర్‌కార్డ్ వెనకాల రాసుకోమని, చేయనివాళ్ళు ముందు ఆ పని చేసుకుని రండి, ఎందుకంటే ఇవాళ్టి పాఠమంతా ఆ అంకెల మీదే నడుస్తుంది. క్యారీ అంటే గుర్తుంది కదా, బంతి గాల్లో వెళ్ళి మొదటిసారి నేల తాకేదాకా ఉన్న దూరం, ఆ తర్వాత దొర్లింది లెక్కలోకి రాదు. ఇంకో మాట, గజాలు అంటున్నానని ప్లాటు గజాలు అనుకునేరు, మనవాళ్ళకి 200 గజాలు అనగానే ఈస్ట్ ఫేసింగా అని అడిగే అలవాటు, ఇక్కడ మాత్రం పొడుగు గజాలే.

సరే, బ్యాగ్‌లోంచి 7 ఐరన్, 4 ఐరన్ బయటికి తీసి ఎండలో పక్కపక్కన పెట్టి చూడండి. నా 7 ఐరన్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) మధ్యలో రూపాయి బిళ్ళంత మేర గ్రూవ్‌లు అరిగిపోయి తెల్లగా మెరుస్తుంది. 4 ఐరన్ మీద మధ్యలో ఏమీ లేదు, షాపులో కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది, కాకపోతే టో అనే తలకాయ కొసన రెండు గీతలు, కింద అంచు దగ్గర కార్ట్ పాత్ రాయి తగిలిన గాటు ఒకటి. అంటే మూడేళ్ళలో దాన్ని కొట్టిందే తక్కువ, కొట్టిన నాలుగుసార్లూ మధ్యలో తగల్లేదు. మీ 4 ఐరన్ కూడా ఇలాగే పెళ్ళికూతురిలా మెరిసిపోతుంటే సగం జవాబు మీకు అక్కడే దొరికేసింది, మిగతా సగం కోసం చదవండి. రూల్స్ ప్రకారం బ్యాగ్‌లో 14 క్లబ్బులకి మించకూడదు, బంతిని నేలమీద దొర్లించే పుట్టర్‌తో కలిపి. కొట్టని క్లబ్బుకి ఒక సీటు ఇచ్చామంటే కొట్టే క్లబ్బుకి ఒక సీటు పోయినట్టే.

అసలు లాంగ్ ఐరన్ మనకెందుకు కొరకరాని కొయ్య అవుతుంది? ఐరన్ హెడ్ అట్లకాడ లాంటిది, పలచగా ఉంటుంది, బరువంతా ఫేస్‌కి అతుక్కుని ఉంటుంది. హైబ్రిడ్ హెడ్ గుంట గరిటె లాంటిది, వెనకాల పొట్ట ఉంటుంది, ఆ పొట్ట వల్ల బరువు కిందకీ వెనక్కీ జరుగుతుంది. లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, రెండింటికీ 22 డిగ్రీలే ఉన్నా సరే, బరువు కిందా వెనకా ఉన్న హెడ్ బంతిని ఎక్కువ ఎత్తుకి లేపుతుంది. ఫేస్‌కి మధ్యలో కాకుండా అటో ఇటో తగిలినప్పుడు హెడ్ చేతిలో తిరగడం కూడా హైబ్రిడ్‌లో తక్కువ, అందుకే తప్పు కొట్టిన బంతి కూడా ఓ మాదిరిగా వెళ్తుంది. 4 ఐరన్‌తో బంతి ఎత్తుకి లేవాలంటే మన చేతిలో స్పీడ్ ఉండాలి, టూర్ ప్రోలకి అది ఉంది, డ్రైవర్ అనే అన్నిటికంటే పొడుగు క్లబ్‌తో ఊపు గంటకి 90 మైళ్ళు దాటడానికే నడుం పట్టేసే నాలాంటివాళ్ళకి లేదు, అంతే విషయం, దీన్లో సిగ్గుపడ్డానికేం లేదు. పైగా ఎత్తు నుంచి దిగిన బంతే గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆగుతుంది. మా డాలస్ వైపు ఆగస్టులో నేలలు పెంకులా గట్టిపడతాయి, అప్పుడు తక్కువ ఎత్తులో వచ్చిన 4 ఐరన్ బంతి గ్రీన్ ముందు పడి, గ్రీన్ మొత్తం దాటి, వెనక బంకర్ అనే ఇసక గుంతలో పడి నావైపు చూసి నవ్వేది.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, తిట్టుకోకండి. లాంగ్ ఐరన్ మీద మోజు, హైబ్రిడ్ మీద ప్రేమ రెండూ మా డాలస్ చుట్టుపక్కల్నించే వచ్చాయా అనిపిస్తుంది నాకు. పాతకాలపు గొప్ప ఆటగాడు బెన్ హోగన్ ఫోర్ట్‌వర్త్‌లో పెరిగినవాడు. 1949లో కారు యాక్సిడెంట్‌లో చావు దాకా వెళ్ళొచ్చి, 1950లో మెరియన్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో ఒకే రోజు 36 హోల్స్ కాళ్ళకి కట్లతో నడిచి, ఆఖరి హోల్‌లో 1 ఐరన్‌తో గ్రీన్ మీదకి కొట్టాడు, స్కోరు సమం కావడంతో మర్నాడు ప్లేఆఫ్ ఆడి గెలిచాడు. ఆ షాట్ ఫొటో గోల్ఫ్ ఆడేవాళ్ళ గోడలమీద ఇప్పటికీ వేలాడుతూనే ఉంది, అది చూసే మనందరికీ పొడుగు ఐరన్ అంటే మగతనం అనే భ్రమ. మరి డాలస్‌లోనే పుట్టిన ఇంకో పేరున్న ప్రో లీ ట్రెవినో ఏమన్నాడు? 1975లో చికాగో దగ్గర ఆడుతుండగా పిడుగుపాటుకి గురయ్యాడాయన, ఆ తర్వాత మెరుపులొస్తే 1 ఐరన్ పైకి పట్టుకోండి, దాన్ని దేవుడు కూడా కొట్టలేడు అని జోకు వేసేవాడు. ఇక మేముండే ప్లేనోలోనే ఆడమ్స్ గోల్ఫ్ అని కంపెనీ ఉండేది, ముందు పొట్టి తలకాయ ఫెయిర్‌వే వుడ్‌తో, తర్వాత హైబ్రిడ్‌లతో పేరు తెచ్చుకుంది, 2012లో దాన్ని టేలర్‌మేడ్ కొనేసింది. పక్కదారి అయిపోయింది, రండి.

ఇప్పుడు టెస్ట్. 4 ఐరన్‌తో కూడా పది బంతులు కొట్టండి, వీలైతే మ్యాట్ మీద కాకుండా గడ్డి మీద. మ్యాట్ అబద్ధాలాడుతుంది, బంతికి రెండు అంగుళాల వెనక తగిలినా క్లబ్ జారి ముందుకెళ్ళిపోతుంది, అదే గడ్డి మీదైతే మట్టి లేస్తుంది గానీ బంతి లేవదు. రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) ఇచ్చే బంతులు మామూలు వాటికంటే తక్కువ దూరం పోతాయి, ఆ తేడా అన్ని క్లబ్బులకీ ఉంటుంది కాబట్టి ఇక్కడ దాని గురించి బాధపడకండి. పదింట్లో మంచివి మాత్రమే రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు, పదీ రాయాలి. నావి చెప్తాను నవ్వకండి: 6 ఐరన్ సగటు 150, 5 ఐరన్ 161, 4 ఐరన్ 157. అవును, పెద్ద క్లబ్బే తక్కువ పోయింది. అన్నిటికంటే బాగా తగిలింది 172 వెళ్ళింది, అన్నిటికంటే దరిద్రంగా తగిలింది 126, మనసులో మాత్రం నా 4 ఐరన్ ఎంత పోతుందంటే 172 అనే చెప్పేవాణ్ణి. మనందరం అంతే.

నేను పెట్టుకున్న లెక్క ఇది: 4 ఐరన్ సగటు 5 ఐరన్ కంటే కనీసం 8 గజాలు ఎక్కువ రాకపోతే అది బ్యాగ్‌లో ఉండకూడదు. 8 నుంచి 12 మధ్య వస్తే, పైగా పదింట్లో ఆరేడు ఒకే చోట పడుతుంటే, ఎవరేమన్నా ఉంచుకోండి, హైబ్రిడ్ కొనక్కర్లేదు. 5 ఐరన్ కూడా 6 ఐరన్‌కి దగ్గరగానే పడుతుంటే అప్పుడు 5 కూడా మార్చాల్సిందే, చాలామందికి ఇది చెప్తే మొహం మాడిపోతుంది.

మార్చాలని తేలింది, కొనడానికి వెళ్ళారు, ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు, నేను మొదట వేసింది కూడా ఇక్కడే. క్లబ్ మీద ఉన్న నంబర్ చూసి కొనకండి. నంబర్‌కి చట్టం ఏమీ లేదు, ఒక కంపెనీ 3 హైబ్రిడ్ 19 డిగ్రీలు, ఇంకో కంపెనీది 20 ఉండొచ్చు, ఐరన్‌లైతే మరీ అన్యాయం, ఇప్పటి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్లలో 7 ఐరన్ 28, 30 డిగ్రీలకి వచ్చేసింది, పాతరోజుల్లో అది దాదాపు 5 ఐరన్ లాఫ్ట్. కాబట్టి లాఫ్ట్ చూడాలి. లాఫ్ట్ ఒక్కటే చూసినా చాలదు, హైబ్రిడ్ షాఫ్ట్ అదే లాఫ్ట్ ఐరన్ కంటే సుమారు అంగుళం పొడుగు, అందుకని 22 డిగ్రీల 4 ఐరన్ తీసేసి 22 డిగ్రీల హైబ్రిడ్ పెడితే అది ఇంకాస్త దూరం పోతుంది. నేనేం చేశానంటే ఆఫర్‌లో ఉంది కదా అని 19 డిగ్రీలది తెచ్చా, అది 184 వెళ్ళింది, నా 5 వుడ్ 188, అంటే ఒకే దూరానికి రెండు క్లబ్బులు, కింద 161కీ 184కీ మధ్య పెద్ద గుంత. ఆ గుంతలోకి వచ్చే దూరం మా లోకల్ కోర్స్‌లో మూడు పార్ 3లకి (ఒక్క దెబ్బకి గ్రీన్ చేరాల్సిన పొట్టి హోల్స్) ఉంది! చివరికి దాన్ని సెకండ్ హ్యాండ్‌లో అమ్మి 22 డిగ్రీలది కొన్నా, 174 వచ్చింది. ఇప్పుడు 161, 174, 188, మెట్లు సరిగ్గా పడ్డాయి. మీరూ కాగితం మీద ముందు మెట్లు గీసుకోండి, ఏ మెట్టు ఖాళీగా ఉందో చూసుకుని దానికి తగ్గ లాఫ్ట్ వెతకండి, షాపువాడు ఏ నంబర్ కావాలి సార్ అంటే నంబర్ వద్దు, 173, 175 పోయేది కావాలి, కొట్టి చూస్తా అనండి.

షాఫ్ట్ సంగతి ఒక్క ముక్కలో: మీ ఐరన్‌లు బరువైన స్టీల్ షాఫ్ట్‌వి అయి ఉండి హైబ్రిడ్‌ది మరీ తేలికపాటి గ్రాఫైట్ అయితే ఊపు లెక్క తప్పుతుంది, ఐరన్ షాఫ్ట్ కంటే 10, 20 గ్రాములు తక్కువ ఉంటే చాలు.

ఇక కొట్టడం. హైబ్రిడ్ చూడ్డానికి చిన్న వుడ్‌లా ఉంటుంది, దాంతో మనం ఊడ్చినట్టు కొడతాం, తప్పు. ఐరన్‌ని కొట్టినట్టే కొంచెం కిందికి దిగుతూ కొట్టాలి, బంతి తర్వాత గడ్డి పలచగా రాసుకుపోవాలి. బంతిని స్టాన్స్ (నిలబడినప్పుడు రెండు పాదాల ఎడం) మధ్య కంటే ఒకటి, రెండు బంతుల దూరం ముందుకి పెట్టుకోండి, డ్రైవర్‌లా ఎడమ మడమ దాకా వద్దు. లేపే బాధ్యత లాఫ్ట్‌ది, మనది కాదు. ఇంకా పెద్ద రోగం ఏంటంటే మనలో నూటికి తొంభై మంది చిన్నప్పుడు సందుల్లో క్రికెట్ ఆడి వచ్చినవాళ్ళం, కింది చెయ్యి తిప్పి మిడ్‌వికెట్ మీదుగా లేపడం ఒంట్లో ఉంది. ఐరన్‌తో అది కొంత దాగుతుంది గానీ, హైబ్రిడ్‌లలో చాలావాటికి బంతి ఎడమకి తిరిగే గుణం ముందే ఉంటుంది కాబట్టి రెండూ కలిసి బంతి ఎడమకి పాములా మెలి తిరిగి చెట్లలోకి పోతుంది. దీనికి నాకు పనిచేసింది ఒకటే, గ్రిప్ పట్టుకున్నాక కుడి చేతి చూపుడువేలు, బొటనవేలు రెండూ క్లబ్ మీద నుంచి ఎత్తేసి మిగతా వేళ్ళతో మెల్లగా పది బంతులు కొట్టడం. తిప్పుదామన్నా ఆ రెండు వేళ్ళు లేకుండా అంత బలం రాదు. కుడిచేతి వాటం వాళ్ళకి చెప్తున్నా, ఎడమచేతి వాటం వాళ్ళు తిరగేసుకోండి.

మా బావ ఉన్నాడు, పాత 3 ఐరన్ వదలడు. నేను మొదటిసారి హైబ్రిడ్ తీసినరోజు "ఏరా, ముసలాళ్ళ క్లబ్బు పట్టుకొచ్చావ్?" అన్నాడు. "2009లో కొరియా ఆటగాడు వై.ఈ. యాంగ్ టైగర్ వుడ్స్ మీద పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆఖరి హోల్‌లో చెట్టు మీదుగా జెండా దగ్గరికి కొట్టింది దీంతోనే బావా" అంటే "ఆయన ఏదిచ్చినా కొడతాడ్రా, నీ సంగతి చెప్పు" అన్నాడు. జూన్‌లో బెర్ముడా గడ్డి రఫ్‌లో, అంటే దారి పక్కన పెరిగిన ఒత్తు గడ్డిలో, దొరికాడు. ఆ గడ్డి కొబ్బరి పీచు లాంటిది, సన్నటి ఐరన్‌ని మెడ దగ్గర చుట్టేసి ఫేస్‌ని మూసేస్తుంది, ఆయన 3 ఐరన్ బంతి ముప్పై గజాలు పాకి ఆగింది. పక్కనే నా హైబ్రిడ్ గడ్డి మీద పడవలా జారి బంతిని లేపేసింది. బంతి పూర్తిగా మునిగిపోతే మాత్రం రెండూ వద్దు, వెడ్జ్ (ఎక్కువ లాఫ్ట్ ఉన్న పొట్టి క్లబ్) తీసి రోడ్డెక్కండి.

కానీ న్యాయం న్యాయమే, మార్చిలో లెక్క తిరగబడింది. ఎదురుగాలి చెవుల్లో హోరుమంటోంది, 180 గజాల పార్ 3, ముందు చెరువు, ఎడమ పక్క నుంచి గ్రీన్ దాకా నేల ఉంది. నా హైబ్రిడ్ బంతి అందంగా లేచి, గాల్లో ఆగినట్టు నిలబడి, నిట్టనిలువునా చెరువులోకి దిగింది. బావ 3 ఐరన్‌ని సగం ఊపుతో ఎడమ పక్కకి తల ఎత్తు మించకుండా తోశాడు, నేల మీద పడి దొర్లుకుంటూ గ్రీన్ అంచుకొచ్చింది, ఒక్కమాట మాట్లాడలేదు, టీ పుల్ల (బంతిని నిలబెట్టేది) ఏరి జేబులో వేసుకుని నడిచాడు. ఆ మౌనమే ఎక్కువ కాలింది. గాలి ఎక్కువుండే ఊళ్ళలో, గట్టి నేలల మీద, టీ మీంచి తక్కువ ఎత్తులో తోయాల్సిన హోల్స్ ఎక్కువుంటే, చేతిలో స్పీడ్ ఉన్నవాళ్ళకి లాంగ్ ఐరన్ ఇప్పటికీ మంచిదే, 2006లో హోయ్‌లేక్‌లో ఎండిపోయిన నేల మీద టైగర్ వారం మొత్తానికి ఒక్కసారే డ్రైవర్ తీసి ఎక్కువగా ఐరన్‌లతోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. వైజాగ్‌లో సముద్రగాలిలో ఆడేవాళ్ళకీ ఇది పనికొస్తుందనుకుంటా, అక్కడివాళ్ళు టెస్ట్ చేసుకుని చూసుకోండి.

హైబ్రిడ్‌కి ఇంకో ఉపయోగం ఉంది, ఊరికే వస్తుంది కాబట్టి చెప్తున్నా. గ్రీన్ అంచు బయట పొట్టి గడ్డిలో బంతి ఉంటే హైబ్రిడ్‌ని కిందికి జరిపి పట్టుకుని పుట్టర్‌లా తోయండి, బంతి చిన్న గెంతు గెంతి దొర్లుతుంది. 2004లో రాయల్ ట్రూన్‌లో టాడ్ హామిల్టన్ ప్లేఆఫ్‌లో ఎర్నీ ఎల్స్ మీద ఇలాగే తోసి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు.

వచ్చేవారానికి హోంవర్క్: 4 ఐరన్ పది, ఎవరిదైనా అడిగి తెచ్చుకున్న హైబ్రిడ్‌తో పది, గడ్డి మీద, అన్నీ రాయాలి. పక్కన ఒక గడి గీసి ఎడమకి ఎన్ని పోయాయో కూడా వేసుకోండి, పదింట్లో నాలుగు దాటితే ఆ రెండు వేళ్ళ డ్రిల్ ఇంకో వారం చేసి అప్పుడు షాపుకెళ్ళండి. 8వ భాగంలో 7 వుడ్ సంగతి చూద్దాం, బావ అప్పుడే దాన్ని కూడా తిట్టడం మొదలెట్టాడు.