బోట్ ట్రైలర్‌ని డాలీతో గ్యారేజ్‌లోకి చేర్చడం ఎలా?

డాలస్ శివార్లలో, ముఖ్యంగా ప్లేనో, రిచర్డ్‌సన్ లాంటి చోట్ల, పాత కాలనీల్లో చాలా ఇళ్లకు గ్యారేజ్ వెనక సందులోకి తెరుచుకుంటుంది. సందు ఇరుకు, డ్రైవ్‌వే పొట్టి. ఎస్‌యూవీతో ట్రైలర్‌ని రివర్స్ చేస్తే సగం దాకా వెళ్తుంది. అక్కడి నుంచి బండి తిరగడానికి చోటుండదు. పోనీ బయటే వదిలేద్దామంటే చాలా హెచ్‌ఓఏలు (కాలనీ ఇంటి యజమానుల సంఘాలు) ఒప్పుకోవు. ఆ చివరి పది పదిహేను అడుగుల కోసమే డాలీ. రెండు చక్రాలు, ట్రైలర్ ముక్కు కూర్చోవడానికి ఒక ఇనుప బాల్, పొడుగాటి హ్యాండిల్, అంతే. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మామూలు రకాలు దాదాపు 600 పౌండ్ల దాకా మోస్తాయని రాసి ఉంటుంది. ఆ 600 బాల్ మీద పడే బరువుకే. బోటు మొత్తం బరువు ఎంతున్నా మీ డ్రైవ్‌వేలో కదులుతుందని దాని అర్థం కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు.

కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

18 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోరైడర్ (ముక్కు భాగంలో కూడా సీట్లుండే బోటు), సింగిల్ యాక్సిల్ ట్రైలర్ తీసుకుందాం. ఇంజిన్‌తో కలిపి బోటు 2,400 పౌండ్లు, ట్రైలర్ 800, ట్యాంకులో 25 గ్యాలన్ల పెట్రోలు అంటే సుమారు 150, లైఫ్ జాకెట్లు, లంగరు, తాళ్లు అన్నీ కలిపి ఇంకో 150. మొత్తం 3,500.

గాలి సరిగ్గా ఉన్న టైర్లతో, చదునైన కాంక్రీటు మీద దీన్ని కదుపుతూ ఉండటానికి 50 నుంచి 70 పౌండ్ల తోపు కావాలి. ఆగి ఉన్నదాన్ని మొదట కదిలించడానికి ఇంకాస్త ఎక్కువ. దీనికి వాలు తోడవుతుంది. ప్రతి ఒక్క శాతం వాలుకీ బరువులో ఒక శాతం, అంటే 35 పౌండ్లు, అదనం. రెండు శాతం వాలుంటే మొత్తం 120 నుంచి 140. ఇద్దరు గట్టిగా పట్టి నెడితే సాధ్యమే. ఐదు శాతం ఉంటే వాలు ఒక్కదానికే 175 పౌండ్లు పోతాయి. అక్కడ చేతి డాలీ ఆలోచన మానుకోండి. ఎక్కించడం కష్టమనేది ఒక సంగతి. మధ్యలో చేయి జారితే 3,500 పౌండ్లు రోడ్డు వైపు పోతుంటే ఆపడానికి డాలీకి బ్రేకు ఉండదు, అసలు భయం అదే.

వాలు కొలవడం తేలిక. నాలుగడుగుల స్పిరిట్ లెవెల్‌ని డ్రైవ్‌వే మీద పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా పల్లం వైపు కొసను పైకెత్తండి. ఆ కొస కింద ఖాళీ ఎన్ని అంగుళాలో చూసి రెండుతో గుణిస్తే శాతం వస్తుంది. అంగుళం ఖాళీ ఉంటే రెండు శాతం. ఒక్కచోట చూసి సరిపెట్టుకోవద్దు. గ్యారేజ్ లోపలి నేల కూడా నీళ్లు బయటికి పోవడానికి తలుపు వైపు కొంచెం వాలి ఉంటుంది.

టంగ్ వెయిట్

టంగ్ అంటే ట్రైలర్ ముందుకి పొడుచుకొచ్చిన కడ్డీ, దాని కొసన బాల్ మీద కూర్చునే గిన్నెలాంటి భాగం కప్లర్. అక్కడ బాల్ మీద పడే బరువే టంగ్ వెయిట్. బోట్ ట్రైలర్లకు మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం మామూలు. మన లెక్కలో ఏడు శాతం అనుకుంటే 245 పౌండ్లు. కొలవాలంటే ముందుగా ట్రైలర్ చక్రాలకు చాక్‌లు (చక్రం దొర్లకుండా పెట్టే అడ్డు దిమ్మలు) వేయండి. స్నానాల గదిలోని బరువు మిషన్ మీద చెక్క దిమ్మ పెట్టి, కప్లర్ దాని మీద ఆనేలా జాక్ (ముక్కును ఎత్తి నిలబెట్టే కాలు) తిప్పి ముక్కును దించండి. జాక్ చక్రం నేల వదిలాక, ట్రైలర్ సమంగా ఉన్నప్పుడు కనబడే అంకె తీసుకోండి. జాక్ కిందే మిషన్ పెడితే అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే జాక్ యాక్సిల్‌కి దగ్గరగా ఉంటుంది.

ఈ బరువు మరీ ఎక్కువైతే డాలీ టైర్లు అణిగిపోయి తిరగవు. మరీ తక్కువైతే ఇంకా ప్రమాదం. ఎద్దులబండిలో వెనక బస్తాలు ఎక్కువైతే నొగలు పైకి లేచినట్టు, ఎవరైనా బోటు వెనక భాగం ఎక్కగానే ట్రైలర్ ముక్కు డాలీతో సహా లేస్తుంది. అందుకే కదిపే ముందు డ్రెయిన్ ప్లగ్ తీసి బోటు అడుగున నీళ్లన్నీ పోనివ్వండి. చేపల బోటయితే లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టి) కూడా ఖాళీ చేయాలి. 20 గ్యాలన్ల నీళ్లంటే 167 పౌండ్లు, అదీ చాలా బోట్లలో వెనకే ఉంటుంది.

ముందు ఎస్‌యూవీ పని

బండితో అయ్యే పని డాలీతో చేయకండి. డ్రైవ్‌వేకీ గ్యారేజ్ నేలకీ మధ్య తరచూ అర అంగుళం నుంచి అంగుళం మెట్టు ఉంటుంది. చూడటానికి చిన్నదే. కానీ నిలబడి ఉన్న ట్రైలర్ టైరును ఆ అంగుళం ఎక్కించడానికి వాలు మీద నెట్టేదానికంటే ఎన్నో రెట్లు బలం కావాలి, మనుషుల వల్ల కాదు. వీలైతే ట్రైలర్ చక్రాలు ఆ మెట్టు దాటి లోపలికి వెళ్లేదాకా ఎస్‌యూవీతోనే రివర్స్ చేసి, అక్కడ విప్పండి. అలా కుదరకపోతే మెట్టు ముందు ర్యాంప్ వేయాలి. అంగుళం ఎత్తుకి కనీసం రెండడుగుల పొడవు ఉంటే వాలు నాలుగు శాతం దగ్గర ఆగుతుంది. రెండు టైర్ల దారిలోనూ ర్యాంపులు పెట్టి, డాలీ చక్రాలు వచ్చే మధ్య దారికి కూడా ఒకటి పెట్టండి. పది అంగుళాల డాలీ చక్రం అంగుళం మెట్టుకి తగిలితే అక్కడే ఆగిపోతుంది, నెట్టేవాళ్లు ముందుకు తూలతారు.

కొలతలు కూడా ముందే తీసుకోవాలి. సింగిల్ గ్యారేజ్ తలుపు 8 లేదా 9 అడుగుల వెడల్పు, మామూలు ఎత్తు 7 అడుగులు. మామూలుగా రోడ్డు మీద తిరగగల బోటు 8 అడుగుల 6 అంగుళాల దాకా వెడల్పు ఉండొచ్చు. 8 అడుగుల తలుపులో అది దూరదు. విండ్‌షీల్డ్, టవర్, బిమిని (ఎండకి వేసే గుడ్డ పందిరి) ఎత్తు నేల నుంచి కొలవండి. ముక్కు పైకి లేపితే వెనక భాగం దిగుతుంది, విండ్‌షీల్డ్ యాక్సిల్‌కి ముందుంటే అదీ ఇంకాస్త లేస్తుంది, ఇది గుర్తుంచుకోండి.

డాలీకి తగిలించడం

ట్రైలర్ రెండు చక్రాలకూ ముందూ వెనకా చాక్‌లు వేశాకే కప్లర్ ముట్టుకోండి. జాక్ దించి, దాని పిన్ను టిక్కుమని కూర్చుందో లేదో చూసి, కప్లర్‌ని బాల్ పైన రెండు అంగుళాలు లేపండి. చైన్లు, లైట్ల ప్లగ్, బ్రేక్‌అవే కేబుల్ (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకు వేసే తీగ) విప్పి ఎస్‌యూవీని ముందుకు తీసేయండి.

డాలీ బాల్ సైజు కప్లర్ మీద ముద్రించిన సైజే కావాలి. 2 అంగుళాల కప్లర్‌కి 1-7/8 బాల్ లాచ్ వేస్తే పట్టినట్టే కనబడుతుంది, హ్యాండిల్ కాస్త లేవగానే ఊడి వచ్చేస్తుంది. డాలీ టైర్ల మీద రాసిన పీఎస్ఐకి గాలి నింపండి. తక్కువ గాలితో పక్కకి తిప్పితే టైరు రిమ్ నుంచి జారిపోతుంది. చౌక డాలీల్లో మొదట చెడేది ఇదే. బాల్ ఎత్తు ట్రైలర్ సమంగా ఉండేలా సర్దండి. కప్లర్ దించి, లాచ్ వేసి, లాచ్ పిన్ను తప్పకుండా పెట్టి, సేఫ్టీ చైన్లు డాలీ ఫ్రేముకి తగిలించండి. ఆఖరున జాక్‌ని పూర్తిగా ఎత్తి అడ్డంగా తిప్పి పెట్టండి. సగం ఎత్తి వదిలేస్తే దాని చిన్న ప్లాస్టిక్ చక్రం కాంక్రీటు సందులో ఇరుక్కుని జాక్ గొట్టం వంగుతుంది.

బోటు వెనక వేలాడే అవుట్‌బోర్డ్ ఇంజిన్‌ని, లేదా అవుట్‌డ్రైవ్‌ని (ప్రొపెల్లర్ ఉండే భాగం), ట్రైలర్ కదిపేటప్పుడు పైకి లేపి ఉంచండి, లేకపోతే ర్యాంప్ మీద దాని కింది భాగం రాసుకుంటుంది. లోపల పెట్టాక మళ్లీ దించితే బోటు పొడవు తగ్గుతుంది. 20 అడుగుల గ్యారేజ్‌లో ఆ కాస్త పొడవూ కలిసొస్తుంది.

సర్జ్ బ్రేకులుంటే ఆగి చూడండి

చాలా బోట్ ట్రైలర్లలో కప్లర్‌ని వెనక్కి నొక్కితే బ్రేకు పడుతుంది. రోడ్డు మీద మంచిదే. డాలీతో వెనక్కి నెట్టేటప్పుడు మీరు చేసేది సరిగ్గా అదే పని. డ్రమ్ బ్రేకుల్లో ఎక్కువ శాతం వెనక్కి వెళ్లేటప్పుడు వదిలేసేలా తయారైనవే. డిస్క్ బ్రేకులయితే రివర్స్ లైటు వైరు నుంచి కరెంటు వచ్చి సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) మూసుకుంటేనే బ్రేకు పట్టదు. ఎస్‌యూవీ నుంచి ఐదు పిన్నుల ప్లగ్ తీసేశాక ఆ కరెంటు ఉండదు. ఎంత నెట్టినా కదలక, వదిలి మళ్లీ ముందుకు లాగితే తేలిగ్గా వస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు. కొన్ని యాక్చుయేటర్లకు (కప్లర్ దగ్గర బ్రేకు వేసే భాగం) లాక్ చేసే పిన్ను లేదా కీ ఉంటుంది, అది పెట్టండి. రోడ్డెక్కే ముందు మర్చిపోకుండా తీసేయాలి. దాన్ని బండి తాళంచెవికి కట్టి పెట్టుకుంటే మర్చిపోరు.

నెట్టడం, తిప్పడం

కనీసం ముగ్గురు కావాలి. ఒకరు హ్యాండిల్ పట్టుకుని దారి చూపుతారు, ఒకరు ట్రైలర్ ఫ్రేము పట్టి నెడతారు, మూడోవారు చాక్‌తో చక్రం పక్కనే నడుస్తారు. చాక్‌కి నాలుగడుగుల తాడు కట్టండి, చేయి టైరు దగ్గరికి పోకుండా లాగొచ్చు. పల్లం వైపు ట్రైలర్ దారిలో, బోటుకీ గోడకీ మధ్య ఎవరూ నిలబడకూడదు. బోటు జరుగుతుంటే చేత్తో ఆపే ప్రయత్నం అసలొద్దు. గోడకి తగిలితే తగలనివ్వండి, ఫైబర్‌గ్లాస్ అతుకు పడుతుంది.

హ్యాండిల్ పట్టుకునేటప్పుడు మొహాన్ని దాని కొసకి సూటిగా ఉంచకండి. చక్రం సందులో పడితే హ్యాండిల్ ఒక్కసారిగా లేచి గడ్డానికి తగులుతుంది. పక్కన నిలబడి పట్టుకోండి.

ట్రైలర్ యాక్సిల్ చుట్టూ తిరుగుతుంది. ముక్కు ఎడమకి పోతే వెనక భాగం కుడికి పోతుంది. యాక్సిల్ నుంచి కప్లర్‌కి 14 అడుగులు, బోటు వెనక అంచుకి 7 అడుగులు ఉంటే, మీరు ముక్కును రెండడుగులు పక్కకి జరిపినప్పుడు వెనక మూల ఒక అడుగు అవతలి పక్కకి పోతుంది. గ్యారేజ్ తలుపు పట్టాలు గీసుకుపోయేది ఈ మూలకే. కాబట్టి ఇంకొకరు దొరికితే కళ్లు అక్కడ పెట్టమనండి.

ఇరుకులో తిప్పాలంటే సింగిల్ యాక్సిల్‌కి చక్కటి ఉపాయం ఉంది. ఏ వైపు చుట్టూ తిరగాలో ఆ టైరుకి రెండు పక్కలా చాక్‌లు బిగించి, డాలీని అడ్డంగా నడిపించండి. ఆ టైరు ఉన్నచోటే ఉండి రెండో టైరు అర్ధచంద్రంగా తిరుగుతుంది. ముక్కు మెల్లగా జరగాలి, కొట్టినట్టు కాదు.

రెండు యాక్సిళ్ల ట్రైలర్‌తో ఇది కుదరదు. నాలుగు టైర్లూ నేల మీద పక్కకి రాసుకుంటాయి, చేతి డాలీకి లొంగవు. టోర్షన్ యాక్సిళ్లయితే (స్ప్రింగు పట్టీలు లేకుండా ఏ యాక్సిల్‌కి ఆ యాక్సిల్ విడిగా పనిచేసే రకం) ముక్కు బాగా పైకి లేపి వెనక యాక్సిల్ మీద బరువు పడేలా చేస్తే కొంత సులువవుతుంది. లీఫ్ స్ప్రింగులూ (ఉక్కు పట్టీలు), బరువును రెండు యాక్సిళ్లకీ సమంగా పంచే ఈక్వలైజరూ ఉన్నవాటిలో ఈ ఉపాయం పెద్దగా పనిచేయదు.

మోటారు డాలీ

వాలుంటే, మనుషులు లేకపోతే ఇదే దారి. వార్మ్ గేర్ (చక్రం వైపు నుంచి తిప్పితే తిరగని మరలాంటి గేరు) ఉన్న రకాలు మోటారు ఆగినప్పుడు వాలు మీద జారకుండా పట్టుకుంటాయి, చేతి డాలీ ఇవ్వలేని లాభం ఇది. ప్రకటనల్లో మోసే బరువే పెద్ద అక్షరాల్లో రాస్తారు, లాగే బలాన్ని మాత్రం టైరు పట్టే నిర్ణయిస్తుంది. పొడి కాంక్రీటు మీద డ్రైవ్ చక్రాలు తమ మీద పడే బరువులో సగం నుంచి 60 శాతం దాకా లాగగలవు. టంగ్ వెయిట్ 245 అయితే 120 నుంచి 150 పౌండ్లు, డాలీ సొంత బరువు దానికి కొంత కలుస్తుంది. పైన వేసిన లెక్క పక్కన పెట్టి చూడండి: రెండు శాతం వాలు దాకా సరే, ఐదు శాతంలో చక్రాలు గిర్రున తిరుగుతాయి. ఎపాక్సీ పూసిన తడి నేల మీద ఇంకా తక్కువ.

లోపల ఆపాక

నాలుగు వైపులా చాక్‌లు వేసి, జాక్ కింద వెడల్పాటి చెక్క పెట్టి దించండి. బరువు డాలీ మీద వదిలేయొద్దు. దాని టైర్లలో గాలి కొన్ని వారాల్లో తగ్గి ముక్కు కిందికి వాలుతుంది. టంగ్ మడిచే రకమైతే ఆ మడత డాలీ తీశాకే, జాక్ మీద నిలిచాకే చేయాలి. మడిచిన టంగ్‌తో ట్రైలర్‌ని లాగకూడదు, కీలు పిన్ను అందుకు తయారైంది కాదు. బ్యాటరీ స్విచ్ ఆపండి. గ్యారేజ్‌లో పైలట్ మంట (ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంట) ఉన్న గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే పెట్రోలు వాసన వస్తున్న బోటును అక్కడ పెట్టకండి, ముందు ఆ లీకు ఎక్కడుందో చూసి బాగు చేయించి తర్వాతే లోపలికి తోయండి.