పెంపుడు కుందేలుకు సంపూర్ణాహారం ఎంచుకోవడం
కుందేలు మేత కొనేటప్పుడు సంచి వెనుక ముద్రించిన పోషకాల పట్టికను ముందుగా చదవాలి. ఎదిగిన కుందేలుకు పెట్టే గుళికల్లో, అంటే మేతను ఒత్తి చేసిన చిన్న ముక్కల్లో, పీచు కనీసం 18 శాతం, మాంసకృత్తులు 12 నుంచి 14 శాతం, కాల్షియం 1 శాతం లోపు ఉండాలి. మాంసం కోసం పెంచే ఫారాల మేతలో మాంసకృత్తులు ఎక్కువ కనుక అది ఇంటి కుందేలుకు తగదు. గింజలు, ఎండు పండ్లు కలిపిన రంగురంగుల మిశ్రమాన్ని నేనైతే కొనవద్దనే చెబుతాను, ఎందుకంటే కుందేలు తీపి ముక్కలను ఏరుకుని తిని, పీచున్న గుళికలను వదిలేస్తుంది. ఎంత మంచి గుళికలైనా కుందేలు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించకూడదు. జీవితాంతం పెరిగే పళ్లు అరగడానికీ, పేగులు సరిగా కదలడానికీ ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉండాలి, దానికి తోడు పచ్చి గరిక వేయవచ్చు. వరిగడ్డి పడకకు పనికివస్తుంది గాని ఎండుగడ్డి లోటు తీర్చదు. మేత మార్చవలసివస్తే, వారం పది రోజులపాటు పాతదానిలో కొత్తదాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ రావాలి.