గజ్జల హెర్నియా ఆపరేషన్ తర్వాత వృషణానికి రక్తం అందుతోందో లేదో గమనించుకోవడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు గానీ, పొలంలో బరువులెత్తే రైతులు గానీ గజ్జల్లో హెర్నియా ఉబ్బు (పొట్టలోని పేగు లాంటివి బయటికి పొడుచుకు రావడం) కనిపించినా ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోరు. ఆపరేషన్‌తో మగతనం పోతుందేమోనన్న భయమే చాలామందిని ఆపుతుంది. ఆ భయంలో నిజమెంతో తెలుసుకోవాలంటే ముందు రక్తనాళాల దారి తెలియాలి.

వృషణానికి మూడు ధమనుల నుంచి రక్తం అందుతుంది. వాటిలో ప్రధానమైనది గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని నుంచి నేరుగా దిగివస్తుంది. ఈ మూడూ, రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సన్నని సిరల అల్లికా, వీర్యనాళమూ కలిసి తాడులాంటి కట్టగా గజ్జల్లోంచి సాగుతాయి. హెర్నియా సంచి ఈ కట్టకు అతుక్కుని ఉంటుంది కనుక, దాన్ని విడదీసేటప్పుడు సిరలు నలిగి వాటిలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. నష్టం ఎక్కువగా ఈ సిరల వల్లనే జరుగుతుంది. మొదటిసారి ఆపరేషన్‌లో ఇది అరుదు; తిరగబెట్టిన హెర్నియాకు అదే కోత గుండా మళ్లీ చేసినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. అందుకే అటువంటి వారికి లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) ద్వారా వెనుక వైపు నుంచి చేయడం వీలవుతుందేమో సర్జన్‌ను తప్పక అడగాలి.

ఆపరేషన్‌కు ముందే, స్నానం చేసేటప్పుడు రెండు వృషణాలనూ మెల్లగా తడిమి, వాటి పరిమాణాన్నీ మెత్తదనాన్నీ గుర్తుపెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు. వరిబీజానికి గానీ, కుటుంబ నియంత్రణకు గానీ గతంలో ఆపరేషన్ జరిగి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్న సంగతి కూడా దాచవద్దు.

ఆపరేషన్ తర్వాత వృషణాల తిత్తి ఉబ్బి నల్లగా, నీలంగా కమిలితే కంగారు పడనవసరం లేదు. బిగుతైన లోదుస్తు ఆసరాతో అది క్రమంగా తగ్గుతుంది. తొలిరోజుల్లో, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో అది కొంత మారినట్టు కనిపించినా, చాలామందిలో కొన్ని నెలల్లో మామూలవుతుంది. అయితే మొదటి అయిదు రోజుల్లో తిత్తి కాక వృషణమే గట్టిపడి, పెద్దదై, ముట్టుకోనివ్వనంత నొప్పి పుట్టి, కొద్దిగా జ్వరం కూడా వస్తే, అది రక్తప్రసరణ దెబ్బతిన్న సూచన కావచ్చు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్ వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవారు కుట్లు విప్పే రోజు వరకు ఆగకుండా, ఈ లక్షణాలు కనిపించిన రోజే తిరిగి వచ్చి డాప్లర్ స్కాన్ చేయించుకోవాలి.

అలా జరిగిన వారిలో కొందరికి వృషణం పూర్తిగా కోలుకుంటుంది. మరికొందరికి నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. అందుకని వాపు తగ్గాక కూడా, మూడో నెలలోనూ ఆరో నెలలోనూ పరిమాణాన్ని పోల్చి చూసుకోండి. రెండో వృషణం ఆరోగ్యంగా ఉంటే మగతనానికీ సంతానానికీ సాధారణంగా లోటు రాదన్న మాట ఇంట్లోవారికి కూడా చెప్పాలి.

ఆపరేషన్‌ను వాయిదా వేయడం వల్ల కూడా వృషణానికి ముప్పు ఉంది. లోపలికి పోకుండా ఇరుక్కున్న హెర్నియా, ముఖ్యంగా పసిపిల్లల్లో, ఆ రక్తనాళాలను నొక్కివేయగలదు. ఉబ్బు గట్టిపడి, నొప్పితో పాటు వాంతులు మొదలైతే తెల్లవారేదాకా చూడకుండా ఆ రాత్రికే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి చేరాలి.