బేస్‌బాల్ దిగ్గజాలను తూచడం ఎలా? – 3వ పాఠం: ముందు ఆ ఏడాదిని కొలవండి

గత రెండు పాఠాల్లో బ్యాటింగ్ సగటు, ఈఆర్ఏ లెక్కగట్టడం నేర్చుకున్నాం. క్రికెట్‌కు అలవాటుపడ్డవారికి ఒక్కసారి గుర్తుచేస్తే మంచిది. ఇక్కడ బ్యాటింగ్ సగటు అంటే హిట్లను (బంతిని కొట్టి బేస్ చేరిన సందర్భాలు) ఎట్-బ్యాట్లతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులు) భాగించగా వచ్చేది. .300 అంటే వెయ్యి ఎట్-బ్యాట్లకు మూడు వందల హిట్లు. ఈఆర్ఏ అంటే పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఖాతాలో పడే పరుగులు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని అని. అది ఎంత తక్కువైతే అంత గొప్ప.

1930లో న్యూయార్క్ జెయింట్స్ బ్యాటర్ బిల్ టెరీ సగటు .401. 1968లో బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ కార్ల్ యస్ట్రెమ్‌స్కీ సగటు .301. నూరు పాయింట్ల తేడా (.001 ఒక పాయింటు). ఇక పోలికేముంది అనిపిస్తుంది. కానీ టెరీ ఆడిన నేషనల్ లీగ్ (రెండు పెద్ద లీగుల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) మొత్తానికి ఆ ఏడాది సగటే .303. ఎనిమిది జట్లలో ఆరు జట్లు .300 దాటేశాయి. యస్ట్రెమ్‌స్కీ ఆడిన అమెరికన్ లీగ్ సగటు .230 మాత్రమే. లీగ్ మొత్తంలో .300 దాటినవాడు ఆయనొక్కడే.

చేయాల్సింది ఒక్క భాగహారం: ఆటగాడి సగటును, అదే ఏడాది అతను ఆడిన లీగ్ సగటుతో భాగించండి. నూరుతో గుణించండి.

టెరీ: .401 ÷ .303 = 1.32, అంటే 132.
యస్ట్రెమ్‌స్కీ: .301 ÷ .230 = 1.31, అంటే 131.

నూరు పాయింట్ల కొండ నిష్పత్తిలో ఒక్క అంకెకు కరిగిపోయింది. తిప్పి చూడాలంటే 1.31ని .303తో గుణించండి. యస్ట్రెమ్‌స్కీ 1930 నాటి నేషనల్ లీగ్‌లో దాదాపు .397 బ్యాటరన్నమాట.

ఎందుకింత తేడా? 1968లో పిచ్చర్ నిలబడే మౌండ్ (మట్టిదిబ్బ) ఎత్తు 15 అంగుళాలు, స్ట్రైక్ జోన్ (కొట్టకపోయినా బంతి పిచ్చర్‌కు అనుకూలంగా లెక్కకొచ్చే పరిధి) కూడా 1963లో పెంచినది. బ్యాటర్లు ఎంతగా చితికిపోయారంటే, మరుసటి ఏడాదే మౌండ్‌ను 10 అంగుళాలకు దించి, జోన్‌ను కుదించారు. లీగ్ సగటుతో భాగిస్తే ఇవన్నీ ఒక్క దెబ్బతో లెక్కలోకి వస్తాయి. ఒక్కో కారణాన్ని విడిగా కొలవనక్కర్లేదు.

పిచ్చర్లకు భాగహారం తిరగేయాలి, లీగ్ పైన, ఆటగాడు కింద. బాబ్ గిబ్సన్ ఈఆర్ఏ 1968లో 1.12, లీగ్‌ది 2.99. పెడ్రో మార్టినెజ్ 2000లో 1.74, లీగ్ 4.91. గిబ్సన్‌కు 267, పెడ్రోకు 282 వస్తాయి. అయితే ఈఆర్ఏ ప్లస్ (ఇలాంటి నిష్పత్తే) పట్టికల్లో వీరికి 258, 291 అని ఉంటుంది. మీ లెక్క తప్పలేదు, అక్కడ సొంత మైదానాన్ని కూడా సర్దుతారు. గిబ్సన్ మైదానం పిచ్చర్లకు అనుకూలం, పెడ్రోది బ్యాటర్లకు. సర్దేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మైదానంలో పరుగులు 20 శాతం ఎక్కువ వస్తాయనుకుంటే, సర్దాల్సింది 10 శాతమే. సగం మ్యాచ్‌లు బయటే కదా ఆడేది.

అయితే పెడ్రోనే గొప్పా? ఆగండి. నిష్పత్తి నాణ్యతను చెబుతుంది, ఎంత మోశాడో చెప్పదు. గిబ్సన్ వేసింది దాదాపు 305 ఇన్నింగ్స్, పెడ్రో 217. కాబట్టి ఆదా చేసిన పరుగులు లెక్కిద్దాం: లీగ్ ఈఆర్ఏ నుంచి ఆటగాడి ఈఆర్ఏ తీసేసి, తొమ్మిదితో భాగించి, ఇన్నింగ్స్‌తో గుణించాలి. గిబ్సన్‌కు 63, పెడ్రోకు 76. ఇప్పటికీ పెడ్రోదే పైచేయి. కానీ పరుగు ధర రెండేళ్లలో ఒకటి కాదు. 1968 నేషనల్ లీగ్‌లో జట్టుకు మ్యాచ్‌కు 3.43 పరుగులు, 2000 అమెరికన్ లీగ్‌లో 5.30. ఆ ధరతో భాగిస్తే గిబ్సన్‌కు 18.5, పెడ్రోకు 14.4. తక్కెడ తిరగబడింది! ఇది ముతక లెక్కే, ఈ అంకెలను గెలుపులుగా చదవకండి. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఎవరు భయంకరం అంటే పెడ్రో, ఒక సీజన్‌లో జట్టుకు ఎవరు ఎక్కువ ఇచ్చారంటే గిబ్సన్. వాదన మొదలుపెట్టే ముందే ఏ ప్రశ్న అడుగుతున్నారో తేల్చుకోకపోతే తెల్లవార్లూ తెగదు.

హోమ్ రన్ల (బంతిని కంచె దాటించే హిట్లు) దగ్గర ఇంకో గుంట ఉంది. 1920లో బేబ్ రూత్ 54 కొట్టాడు, లీగ్ మొత్తం 369. అంటే 14.6 శాతం. 2001లో బ్యారీ బాండ్స్ 73, లీగ్ మొత్తం 2,952. అంటే 2.5 శాతం. రూత్ ఆరు రెట్లు గొప్ప అని చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. రూత్ లీగ్‌లో ఉన్నవి 8 జట్లు, బాండ్స్ లీగ్‌లో 16. లీగ్ పెద్దదైతే ఎవరి వాటా అయినా చిన్నదవుతుంది. అందుకని జట్టు సగటుతో భాగించాలి. 1920లో జట్టుకు 46, 2001లో 184.5. రూత్ ఒక్కడే 1.17 జట్లతో సమానం, బాండ్స్ 0.40. ఆరు రెట్లు కాస్తా మూడయింది. ఆ మూడులోనూ కొంత రూత్‌ది కాదు. అప్పటి బ్యాటర్లలో ఎక్కువమందికి బంతిని కంచె దాటించాలన్న ఆలోచనే లేదు.

ఈ పద్ధతి మొత్తానికీ ఉన్న అసలు లోపం వేరు. లీగ్ సగటు ఎవరి సగటు? 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లకు చోటే లేదు. తలుపులు మూసి ఉన్న లీగ్‌లో సగటు కన్నా పైకి లేవడం తేలిక. నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగుల గణాంకాలను 2024లో అధికారిక రికార్డుల్లో కలిపాక, కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్ .367ను దాటి ఆ లీగుల బ్యాటర్ జాష్ గిబ్సన్ (పిచ్చర్ బాబ్ గిబ్సన్ కాదు) .372తో మొదటి స్థానానికి వచ్చాడు. దీన్ని ఎలా సర్దాలన్నది 4వ పాఠం.

అభ్యాసం: రాడ్ కెరూ, 1977, అమెరికన్ లీగ్, .388, లీగ్ సగటు .266. టోనీ గ్విన్, 1994, నేషనల్ లీగ్, .394, లీగ్ సగటు .267. రెండు నిష్పత్తులూ కట్టండి. తర్వాత రెండు సంగతులు చూడండి: ఒకటి, అమెరికన్ లీగ్‌లో 1973 నుంచి పిచ్చర్ బదులు వేరే బ్యాటర్ ఆడతాడు, నేషనల్ లీగ్‌లో అప్పటికింకా పిచ్చరే ఆడేవాడు. రెండు, 1994 సీజన్ సమ్మె వల్ల ఆగస్టులోనే ఆగిపోయింది, గ్విన్ ఆడింది 110 మ్యాచ్‌లే. మొదటిది ఎవరి నిష్పత్తిని ఉబ్బించింది, రెండోది ఎవరికి కలిసొచ్చి ఉండవచ్చు? జవాబు రెండేసి వాక్యాల్లో రాసి పెట్టుకోండి.