సీసాలో మేఘం కట్టడం ఎలా? అది పొగ కాదని తేల్చుకోవడం ఎలా?

సోడా మూత తీయగానే సీసా మూతి దగ్గర తెల్లటి పొర లేచి మాయమవుతుంది. అది గ్యాస్ అనుకుంటాం. గ్యాస్ కంటికి కనబడదు. అది ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడితే, అందులోని ఆవిరి సన్నటి నీటి బొట్లుగా మారుతుంది. మనం చూసేది ఆ బొట్లనే. దీన్నే ఇంట్లో తీరిగ్గా చూద్దాం.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా తీసుకోండి. గాజు సీసా వద్దే వద్దు, పగిలితే ప్రమాదం. మూతికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా, ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే పిన్ను, సైకిల్ పంపు, అగ్గిపెట్టె ఉంటే చాలు.

1. పిన్ను కొస అవతలికి వచ్చేలా బిరడాలో గుచ్చి, పంపుకి తగిలించండి.

2. సీసాలో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోసి, లోపలంతా తడిసేలా తిప్పండి.

3. అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, పొగ ఒక్క క్షణం సీసాలోకి పోనివ్వండి.

4. బిరడా బిగించి, వేలితో అదిమిపట్టి ఐదారుసార్లు పంపు కొట్టండి. అర నిమిషం ఆగండి. నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోవాలి. తొందరపడితే మేఘం పలచబడుతుంది.

5. సీసా మూతిని మనుషులకు దూరంగా తిప్పి బిరడా లాగేయండి. ఫట్‌మంటుంది. లోపల పాలు కలిపినట్టు తెల్లబడుతుంది.

ఎంత చల్లబడుతుంది? 27 డిగ్రీల పొడి గాలి పీడనం ఒక్కసారిగా సగానికి పడితే, లెక్క ప్రకారం మైనస్ 27 దాకా దిగాలి. సీసాలో అంత దిగదు. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి వదులుతుంది, గోడలూ కొంత వేడి ఇస్తాయి.

పొగ లేకుండా ఓసారి చేసి చూడండి, ఏదో మసక తప్ప కనబడదు. బొట్టు కట్టడానికి ఆవిరికి ఓ రేణువు ఆసరా కావాలి.

‘తెల్లగా ఉన్నది ఆ పొగే కదా’ అని పక్కవాళ్ళు అంటారు. వెంటనే సీసాకి మామూలు మూత బిగించి, రెండు చేతులతో గట్టిగా నొక్కండి. గాలి వేడెక్కి, బొట్లు ఆవిరై తెలుపు మాయమవుతుంది. వదలండి, మళ్ళీ కమ్ముకుంటుంది. పొగైతే నొక్కితే పోదుగా!

ఇలా నొక్కి వదులుతూ పోతే కాసేపటికి మేఘం పలచనవుతుంది. బొట్లు తమ రేణువులతో సహా అడుక్కి దిగిపోతాయి. స్కాట్లండ్ శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ తన పరికరంలో గాలిని ఇలాగే మళ్ళీ మళ్ళీ వ్యాకోచింపజేసి దుమ్ము తీసేశాడు. అప్పుడు విద్యుదావేశమున్న కణాల మీద కూడా బొట్లు కడతాయని తేలింది. 1911లో ఆ బొట్ల బాటలతోనే కంటికి అందని కణాల దారులు చూశాడు. 1927లో నోబెల్ వచ్చింది.